మిస్సిసిపీ యొడ్డున పొత్తు బస



మన నెల్లూరు మండలపు సముద్రతీరమున, అల్లూరు మొదలు ముత్తుకూరు వరకు గల గ్రామములలో, పై చదువులకు బిడ్డలను దూరదేశము పంపిన గృహస్థులు నేడు పెక్కుమంది కలరు. కొందరు మాగాణిని తాకట్టు పెట్టిరి. కొందరు బ్యాంకులో అప్పు తీసిరి. ఆ బిడ్డలు అమెరికాలో దిగిన కొలది దినములకే ఫోనులో ఒక మాట చెప్పుదురు: "తాతా, ముగ్గురము కలిసి యొక యిల్లు బాడుగకు తీసికొంటిమి" అని. ఆ మాట విన్న పెద్దలకు రెండు విధములైన తలంపులు పుట్టును. ఇంత ధనము వెచ్చించి పంపితిమే, వానికి తనదని చెప్పుకొన నొక యిల్లైన లేదాయెనే యని కొందరు చింతింతురు. తోడున్నారు గదా, ఇక విచారమేల యని మరికొందరు నిశ్చింతగా నుందురు. ఈ రెండు తలంపులును సరియైనవి కావు. పొత్తు బస అగౌరవము కాదు. అంతమాత్రముచేత అభయమును గాదు. అది యొక వ్యవహారము. ఆ వ్యవహారము ఎట్లు నడచునో, దేనివలన నిలుచునో, దేనివలన చెడునో నేటి ప్రసంగమున మనవి చేయుదును.

దృష్టాంతమునకు ఒక్క నగరమును తీసికొందము. అమెరికా సంయుక్త రాష్ట్రముల నడిమి భాగమును అచ్చటివారు మధ్యపశ్చిమమని వ్యవహరింతురు. అందు మిస్సూరీ రాష్ట్రమున, మిస్సిసిపీ నదికి పడమటి గట్టున సెయింట్ లూయిస్ అను నగరము కలదు. 1764వ సంవత్సరమున ఫ్రెంచి వర్తకులు దీనిని నెలకొల్పిరి. నగరమునకు ఉత్తరముగా మిస్సూరీ నది వచ్చి మిస్సిసిపీలో కలియును. మన నెల్లూరు పెన్నను ఆశ్రయించి పైరు పండించుకొన్నట్లే, ఆ యూరు తన నదిని ఆశ్రయించి వర్తకము పెంచుకొన్నది. 1818లో నెలకొన్న సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయము, 1853లో వెలసిన వాషింగ్టన్ విశ్వవిద్యాలయము అచ్చటనే యున్నవి. తెలుగు విద్యార్థులును అచ్చటికి పోయి చదువుకొనుచున్నారు.

ఆ నగరమున బాడుగలు న్యూయార్కు, శాన్‌ఫ్రాన్సిస్కో వంటి మహానగరములలోకంటె చాల తక్కువ. దీనికి కారణము జనసంఖ్యలోనే కలదు. 1950వ సంవత్సరపు జనాభా లెక్కలలో ఆ నగరవాసులు 8,56,796 మంది. 2020 నాటికి 3,01,578 మంది మాత్రమే మిగిలిరి. 1876లోనే నగరము తన చుట్టునున్న కౌంటీనుండి విడివడి, ఎల్లలను స్థిరపరచుకొన్నది. పిమ్మట మోటారు బండ్లు, విశాలమైన రహదారులు వచ్చెను; కలిగినవారు పొలిమేర దాటి క్రొత్త పేటలలో ఇండ్లు కట్టుకొనిరి; పాత కర్మాగారములు కొన్ని మూతపడెను. మనుష్యులు తరలిపోయిరి గాని, వారు కట్టిన యిటుక యిండ్లు తరలిపోలేదు గదా! కొనువారు పలుచబడిన సంతలో కూరగాయల వెల యెట్లు దిగునో, అచ్చటి యిండ్ల బాడుగయు నట్లే దిగినది. అయినను ఆ యూరిలో వీధికిని వీధికిని చాల భేదము కలదు. వెల తక్కువయని పాడుపడిన వీధిలో దిగరాదు. విద్యాలయమునకు నడచిపోగలమా, బస్సుగాని, 1993 నుండి నడచుచున్న మెట్రోలింకు రైలుగాని దాపున నున్నదా, రాత్రివేళ తిరిగివచ్చుట క్షేమమా యని ముందుగా విచారింపవలెను.

బాడుగ తక్కువైనప్పుడు వేరుగనే యుండరాదా యని మీరడుగవచ్చును. విద్యార్థికి అచ్చట సంపాదన స్వల్పము. విద్యార్థి వీసాపై పోయినవాడు, చదువు జరుగు దినములలో, విద్యాలయపు టావరణములోనే వారమునకు 20 గంటలకు మించకుండ పని చేయవచ్చును. ఆ రాబడి తిండికి సరిపోయిన చాలును. తక్కినదంతయు ఇంటినుండి పోయిన ధనమే. కావున ముగ్గురు నలుగురు కలియుదురు. వీరినే మన పిల్లలు రూమ్మేట్లందురు, సహవాసులని మనమందము. ఒక్కొక్కరికి వేరుగ నొక గది యుండి, వంటశాలయు స్నానపు గదియు ఉమ్మడిగా నుండుట అచ్చట సామాన్యము.

పొత్తు మన తీరమునకు క్రొత్తది కాదు. సముద్రమున వేటకు పోయినవారు పడవకింత, వలకింత, మనిషికింత యని పాళ్లు వేసి పంచుకొందురు. ఆ పాళ్లు చేప గట్టున పడిన పిమ్మట నిర్ణయించునవి కావు; పడవ నీటిలో దిగకమునుపే యందరికిని తెలిసియుండును. పెన్న కాలువలక్రింద సేద్యము చేయువారు నీటికి వంతులు వేసికొందురు. ఎవరి వంతు ఏ రాత్రియో ముందుగా తెలియకున్నచో గట్లమీద పారలే లేచును. మన పెద్దలు పొత్తును స్నేహముపై నిలుపలేదు, కట్టుబాటుపై నిలిపిరి. ఆ కట్టుబాటువలన స్నేహము దానంతట నిలిచినది.

నేను నెల్లూరిలో చదువుకొను దినములలో మూలాపేటలో ముగ్గురము ఒక గదిని బాడుగకు తీసికొని యుంటిమి. బియ్యము ఎవరి యింటినుండి వారికి వచ్చుచుండెను. కిరసనాయిలు, కూరగాయలు, దీపపు బిల్లు మాత్రము పొత్తు. మాలో పెద్దవాడు ఒక చిన్న పుస్తకమును దారముతో గోడమేకునకు వ్రేలాడగట్టెను. ఎవడేమి కొన్నను ఆ రాత్రియే అందు వ్రాయవలెను. నెల కడపట లెక్క తీర్చవలెను. అర్ధణా వస్తువైనను వ్రాయక మానరాదని యాతడనుచుండెను. అప్పటికి అర్ధణాలు పోయి చాల కాలమైనను ఆ మాట మాత్రము మాకు నియమమైనది. ఆ రెండేండ్లలో ధనమునుగూర్చి మాలో మాట పట్టింపు రాలేదు. నేటి పిల్లలు ఆ పుస్తకమునకు బదులు స్ప్లిట్‌వైజ్ వంటి లెక్కల సాధనమును ఫోనులో నుంచుకొనుచున్నారు. ఎవరు ఎంత పెట్టిరో వ్రాసినచో, ఎవరు ఎవరికి ఎంత ఈయవలెనో అదియే తేల్చి చెప్పును. సాధనము మారినది గాని ధర్మము మారలేదు.

ఇక ముఖ్యమైన సంగతికి వచ్చుచున్నాను. అచ్చట ఇల్లు తీసికొనుట నోటిమాటతో జరుగదు. బాడుగ పత్రము వ్రాయుదురు. దానిని లీజు అందురు. గడువు తరచుగా ఒక సంవత్సరము. ముగ్గురును అందు సంతకము చేసినచో, సాధారణముగా అందొక షరతుండును: బాడుగ మొత్తమునకు ముగ్గురును ఉమ్మడిగాను, విడివిడిగాను బాధ్యులు. ఈ మాట మీకు తెలియనిది కాదు. ప్రోనోటుపై ఇద్దరు సంతకము చేసినప్పుడు, ఒకడు ఊరు విడిచిపోయినచో, అప్పిచ్చినవాడు రెండవవానినుండి మొత్తమును రాబట్టుకొనును గదా! ఇదియు నట్టిదే. సహవాసి యన్నచో ప్రక్క గదిలో పండుకొను స్నేహితుడు మాత్రమే కాడు, ఒకరికొకరు జామీనుదారులు.

లెక్క కొరకు ఒక యంకెను అనుకొందము. ఇంటి బాడుగ నెలకు 1,500 డాలర్లు, ముగ్గురున్నారు, ఒక్కొక్కని వంతు 500. ఆగస్టు మొదలు జూలై వరకు గడువు. జనవరి కడపట ఒకనికి వేరొక యూరిలో పని దొరకి వెడలిపోయెను. ఇంటి యజమానికి మాత్రము నెలకు 1,500 చెల్లవలసినదే. మిగిలిన ఇద్దరికి తలకు 750 పడును. ఆరు నెలలలో ఒక్కొక్కనికి 1,500 డాలర్లు అధికభారము. ఆ ధనము ఇంటినుండి అడుగుటకు సిగ్గు. పోయినవానిని అడుగుటకు మొగమాటము. అప్పుడే పిల్లవాడు ఏ అంగడిలోనో అనుమతి లేని పనికి కుదురును. అది బయటపడినచో విద్యార్థియను హోదా పోవును. హోదా పోయినచో చదువును, చదువుకొరకు తెచ్చిన అప్పును రెండును చేతికి చిక్కవు. చూడుడు, ఒక సహవాసి వంతు బాడుగ ఎంత దూరము పోయినదో!

వెడలిపోవువాడు తనకు బదులుగా వేరొకనిని దింపిపోరాదా యన్నచో, యజమాని వ్రాతపూర్వకమైన సమ్మతి లేక ఆ పని చేయరాదు. ఆ రాష్ట్రపు శాసనమే అట్లు చెప్పుచున్నది. మన యూళ్లలోవలె, "పాపము, మనవాడే, మూలకు పండుకొనును" అని నాలుగవవానిని చేర్చుకొనుటయు తగదు. సెయింట్ లూయిస్ ప్రాంతపు పురపాలక సంఘములు పెక్కింట, ఇంటిలో నివసించువారి పేర్లతో అనుమతి పత్రము పొందవలసియుండును. చాటుగా ఒకనిని చేర్చుకొన్న దయ అందరి బసకును ముప్పు తెచ్చును.

అడ్వాన్సు విషయము రెండవది. మిస్సూరీ శాసనము ప్రకారము యజమాని రెండు నెలల బాడుగకు మించి అడ్వాన్సు తీసికొనరాదు. ఇల్లు ఖాళీ చేసిన 30 దినములలో దానిని తిరిగి ఈయవలెను. ఏమైన మినహాయించినచో దేనికెంతయో పట్టిక వ్రాసి పంపవలెను. వాడుకవలన సహజముగా కలుగు అరుగుదలకు ధనము పట్టుకొనరాదు. చెరుపునకు మాత్రము పట్టుకొనవచ్చును. కావున ఇంటిలో దిగిన నాడే గోడలను, నేలను, పొయ్యిని, కిటికీలను ఫోటోలు తీసి భద్రపరచుట వివేకము. పాత గీతకు క్రొత్తవాడు వెల చెల్లింపకుండ అవియే సాక్ష్యము.

చెరుపు ఎచ్చట వచ్చునన్నచో, మన యలవాట్లవలననే కొంత వచ్చును. మనము స్నానము చేసి నేలమీద నీరు పోసి కడుగుదుము. అచ్చటి స్నానపు గదులలో తరచుగా తొట్టికి తప్ప నేలకు తూము ఉండదు. నేలమీద పోసిన నీరు క్రింది యింటి కప్పునుండి కారును. మనము పోపు పెట్టినచో ఎండుమిరపకాయ ఘాటునకు ఇల్లంతయు తుమ్మును. అచ్చట పొగను పసికట్టి కేకవేయు యంత్రము కప్పునకు బిగించియుండును, అది గొల్లున మ్రోగును. నెల్లూరు చేపల పులుసు మనకు అమృతము. అయినను కిటికీలు మూసియుంచు చలిదినములలో ఆ వాసన మరునాటివరకు గదిలో నిలుచును. శాకాహారి యొకడు, మాంసాహారి యొకడు కలిసి యుండవచ్చును, ఉన్నారు కూడ. గిన్నెలు వేరు, నాడు వేరు, వంతు వేరు అని మొదటి దినముననే అనుకొన్నచో చిక్కు లేదు. అనుకొనకున్నచో ఒక్క గరిటెయే కలహమునకు చాలును. వంట ఒకని వంతైనచో పాత్రలు తోముట వేరొకని వంతు కావలెను. వంట రాని పిల్లవాడు పొత్తులో అప్పుపడినవానితో సమానుడు.

చలికాలము వేరొక పరీక్ష. డిసెంబరు మొదలు ఫిబ్రవరి వరకు అచ్చట నీరు గడ్డకట్టు చలి సామాన్యము. ఇంటిని వెచ్చచేయు యంత్రమును పూర్తిగా ఆర్పరాదు. ఆర్పినచో గొట్టములలో నీరు గడ్డకట్టి అవి పగులును. మన రోహిణీ కార్తె యెండలలో పెరిగిన వానికి ఎంత వెచ్చయైనను చాలదు. ఉత్తరదేశపు చలికి అలవాటుపడిన సహవాసికి ఆ వెచ్చ ఉక్కగా నుండును. నెల కడపట గ్యాసు బిల్లు మాత్రము ఇద్దరికిని సమానముగా వచ్చును. ఎన్ని డిగ్రీలయొద్ద ఉంచవలెనో శరదృతువులోనే ఒడంబడవలెను.

నదీతీరమన్నంతనే మీకు వరద జ్ఞప్తికి వచ్చును. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు వద్ద రైలు మార్గమును కోసివేసినది మనమెరుగుదుము. 1993 ఆగస్టు 1వ తేదీన మిస్సిసిపీ సెయింట్ లూయిస్ వద్ద 49.58 అడుగుల మట్టమునకు లేచెను. నగరపు వరదగోడ ఆనాడు నిలిచినది. వరదకంటె ఆకస్మికమైనది అచ్చటి సుడిగాలి. 2025 మే 16వ తేదీన అట్టిదొకటి నగరముమీదుగా పోయి ఇండ్లను కూల్చి ప్రాణనష్టమును కలిగించెను. హెచ్చరిక కూత వినబడగనే నేలమాళిగలోనికి దిగవలెను. ఇల్లు చూచునప్పుడే నేలమాళిగ యున్నదా, దాని తాళము ఎవరియొద్ద నున్నదని అడుగవలెను. ఇంటికి యజమాని చేసిన భీమా గోడలకే గాని, బాడుగవాని పెట్టెకును కంప్యూటరుకును వర్తింపదు. దానికి బాడుగదారు తానుగా వేరు భీమా తీసికొనవలెను. వరద నష్టమునకు సామాన్యమైన భీమా చాలదనియు ఎరుగవలెను.

ఇన్ని చెప్పితిని గాని, ఈ పొత్తులు చెడుటకు మూలము చలి గాదు, పులుసు గాదు, ధనము సైతము గాదు. మొగమాటము. మన పిల్లలకు మనమే నేర్పిన గుణమిది. ఎదుటివాడు నొచ్చుకొనునని అడుగము. అడుగక మనసులో మూట కట్టుకొందుము. ఆ మూట ఒకనాడు తెగి, మూడు నెలల పాల డబ్బు, నాలుగు వారముల గిన్నెలు, ఎప్పటిదో ఒక మాట, అన్నియు కలిసి నడియింట పడును. అంతవరకు ఊరకున్నవాడు మంచివాడై, ఆ దినమున అడిగినవాడు దుర్మార్గుడగును. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చెనను సామెత పుట్టినది దొంగతనమువలన గాదు. ఎవరికివారు రెండవవాడు చూచుకొనునని యూరకుండుటవలననే పుట్టినది. వియ్యమందును, విందునందును మొగమాటము భూషణమే. వంతులందు అది దోషము. తొలినాడే మెల్లగా అడిగిన మాట స్నేహమును చెరుపదు. కడపటినాడు కోపముతో అడిగినదే చెరుపును.

కావున పెద్దలారా, మీ మనుమడుగాని మనుమరాలుగాని ప్రయాణము కాకమునుపు మీరు చేయదగిన పనులు మూడు కలవు. అన్నము వార్చుట, పప్పు చారు కాచుట, పాత్ర తోముట ఇంటిలోనే నేర్పింపుడు. మగపిల్లవానికి మరియు ముఖ్యముగా నేర్పింపుడు. ఒక నెల దినములు ఇంటి వెచ్చము లెక్క వానిచేత వ్రాయింపుడు. ప్రోనోటు ఎట్టిదో, సంతకమనగా ఏమో, మీ పెట్టెలోని పాత కాగితమొకటి తీసి చూపి వివరింపుడు. బజారులో కొనియిచ్చు ఊరగాయ జాడీలకంటె ఈ మూడును ఎక్కువ దినములు నిలుచును.

వారు అచ్చట స్థిరపడిన పిమ్మట ఫోనులో అడుగదగిన ప్రశ్నలును కలవు. చలికాలమున మనకు ఉదయము 6 గంటలైనప్పుడు సెయింట్ లూయిస్‌లో ముందునాటి సాయంకాలము 6 గంటల 30 నిమిషములు. వేసవిలో 7 గంటల 30 నిమిషములు. పిల్లవాడు బడినుండి వచ్చి పొయ్యి వెలిగించు వేళ యది. "తింటివా, నాయనా?" అని అడుగుట ధర్మమే. దానితోపాటు, "పత్రములో ఎవరెవరు సంతకము చేసిరి? గడువెప్పటికి? ఈ నెల లెక్క తీరినదా? నీకెవరైన ఈయవలెనా, నీవెవరికైన ఈయవలెనా?" అని కూడ అడుగుడు. బాకీ పడితినని వాడు చెప్పినచో కోపపడకుడు. కోపపడినచో వచ్చెడి నెల చెప్పడు. చెప్పని బాకీయే వానిని అనుమతి లేని పనికి త్రోయును.

సహవాసులు ఏ యూరివారు, ఏ కులమువారు అని మాత్రము మొదట అడుగకుడు. ఒకే యూరివాడైనంత మాత్రమున బాడుగ వేళకు చెల్లింపడు. పరభాషవాడైనంత మాత్రమున ఎగవేయడు. వంతు తప్పనివాడే పొత్తునకు చుట్టము. మన పడవలపై పాళ్లు పంచుకొనువారికి ఈ సంగతి ఎప్పటినుండియో తెలియును. ఆ తెలివిని మన బిడ్డలు వేయి క్రోసుల దూరమున వేరొక నది యొడ్డుకు తీసికొనిపోయినచో, వారికి బస చౌకగా దొరకుటయే గాక, మనకు రాత్రి నిద్రయు సుఖముగా పట్టును.